ఎగిరే నరం

చిన్న డాక్టరు లోపలి గదికి గడియ పెట్టుకున్నప్పుడే భూలికి అనుమానం పుట్టింది. రోగం కుదిర్చేవాడికి తలుపుతో పనేమిటి? తండాలో పసరు పోసే హన్మా అయినా, తేలు మంత్రం వేసే మంగ్లీ అయినా నలుగురూ చూస్తుండగానే చేస్తారు. చాటు కావలసింది రెండింటికే, కాన్పుకూ దొంగతనానికీ. కోడలు నీలా కాన్పయి మూడేళ్ళు దాటింది. మరి ఇదేమిటి?

అది తొంభై మూడో సంవత్సరం, కాల్వకు నీళ్ళు వదిలి నాట్లు పడుతున్న కాలం. పాలకీడు దగ్గర తండా వాళ్ళది. ముందురోజు అత్తాకోడళ్ళు ఒకే మడిలో నాటు వేశారు, ఒకే పిల్లకాల్వలో దోసిళ్ళు పట్టి నీళ్ళు తాగారు. తెల్లవారేసరికి నీలాకు వాంతులు, బేదులు పట్టుకున్నాయి. పొద్దు నడినెత్తికి రాకముందే కళ్ళు లోపలికి పోయాయి, వేళ్ళు ముడతలు పడ్డాయి, పిలిస్తే పలకడం మానేసింది. యూరియా దింపి తిరిగి పోతున్న లారీని ఆపి, ఖాళీ సంచుల మీద పడుకోబెట్టి, భూలి ఆమెను మిర్యాలగూడ తెచ్చింది. కొడుకు బిచ్చా అక్కడే రైస్ మిల్లులో హమాలీ. కబురు అందగానే బస్తా దించినవాడు దించినట్టే వచ్చాడు. ఇద్దరూ కలిసి ఆమెను రైలుకట్టకు ఇవతల ఉన్న నర్సింగ్ హోంలో చేర్చారు.

చేర్చీ చేర్చకముందే ఒక పేచీ అయింది. ముసలి కాంపౌండరు సత్తయ్య సెలైన్ సీసా వేలాడదీసి, నీలా చేయి పట్టుకుని చూశాడు. మళ్ళీ చూశాడు. తల గోక్కున్నాడు.

"ఒంట్ల నీళ్ళన్నీ పోయి నరాలు అణిగినయమ్మా. పైన రబ్బరు బిగించి కడితె గని లేవవు. కట్టనీకె జాగేది? జర ఈ గాజులు తియ్యి."

అవి గాజులు కావు, బలియలు. మణికట్టు నుంచి మోచేయి దాకా కొన్ని, మోచేతి పైనుంచి భుజం దాకా కొన్ని, తెల్లగా, వెడల్పుగా, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి. పెళ్ళినాడు ఎక్కినవి మొగుడు పోయిననాడే దిగాలి. నీలా ఈడు పిల్లలు చాలామంది వాటిని మానేసి రంగు గాజులకు దిగారు. నీలా కూడా ఒకసారి చేతులు బరువవుతున్నాయని గొణిగింది. భూలి ఒప్పుకోలేదు. తన కొడుకు ప్రాణం ఆ చేతికి తొడిగి ఉందని ఆమె నమ్మకం.

"నా కొడుకు గిదో, నీ ముందట నిలబడ్డడు," అంది భూలి, కోడలి చేతికి అడ్డంగా తన చేయి పెట్టి. "వాడు బతికుండంగ బలియలు తీసుడెట్ల?"

"పోనీ కాలికి మడిమె కాడ సూస్తె..."

మడమల దగ్గర కడియాలున్నాయి. అవీ పెళ్ళినాటివే. భూలి రెండో చేయి వాటికి అడ్డం పెట్టింది. "యాడీ, పోనీ..." అని బిచ్చా నోరు తెరిచాడు. వాళ్ళ మాటలో యాడి అంటే అమ్మ. ఆ అమ్మ చూసిన చూపుకు తెరిచిన నోరు మూసుకున్నాడు.

చిన్న డాక్టరు గుంటూరు వైపు నుంచి కొత్తగా వచ్చినవాడు, ముప్ఫై నిండినట్టు లేదు. నీలా నాడి చూసి, వాచీ చూసి, సత్తయ్యతో ఇంగ్లీషులో ఏదో అన్నాడు. సత్తయ్య ముఖం కొంచెం జంకినట్టయింది. గబగబా మంచాన్ని లోపలి గదిలోకి తోశారు. బలియలు మిగిలాయి, కడియాలు మిగిలాయి. ఆ రోజు మొత్తం మీద భూలి గెలిచిన మాట అదొక్కటే.

అప్పుడు పడింది గడియ.

బిచ్చాను మందుల చీటీ ఇచ్చి బయటికి పంపేశారు. భూలి ఒక్కతే తలుపు ముందు నిలబడింది. తలుపు పైసగం అద్దం, అద్దానికి తెల్ల రంగు. కానీ ఏ తలుపైనా పూర్తిగా మూసుకోదు. ఒక మూల గోరంత మేర రంగు లేచిపోయి ఉంది. భూలి మునివేళ్ళ మీద లేచి అక్కడ కన్ను ఆనించింది.

నీలా తల ఒక పక్కకు తిప్పి ఉంది. ముఖం మీద ఆకుపచ్చ గుడ్డ. డాక్టరు ఆమె గొంతు మీద వేళ్ళు ఆనించి, రెండో చేత్తో ఆ చేతిని అదిమి, ఒంగి బరువు వేసి నొక్కుతున్నాడు. పక్కన సత్తయ్య కదలకుండా గడియారం చూస్తున్నాడు. తీస్తాడేమో అని చూసింది. తీయలేదు. ఒక చిలుం తాగి దులిపేంత సేపయినా తీయలేదు.

భూలి తలుపు బాదింది. "ఆగమ్మా, ఆగు," అన్నాడు లోపలినుంచి సత్తయ్య.

తలుపు తెరిచేసరికి చిన్న డాక్టరు చొక్కా మారింది. లోపలికి పోయినప్పుడు నీలం గీతలది, ఇప్పుడు తెల్లది. గోడ మీద మనిషి రొమ్మంత ఎత్తులో ఒకచోట తడిగా ఉంది. మిగతా గోడంతా పొడి. నీలా మెడకు కుడిపక్క మందపాటి దూది కట్టు. సెలైన్ సూది మాత్రం పాదం మీద, కడియం కింద, వేళ్ళ మొదట్లో ఉంది. చుక్క తర్వాత చుక్క, బద్ధకంగా దిగుతోంది.

"సూది కాలికుంటె మెడకు కట్టేంది సారూ?"

"ఏం కాలేదమ్మా. కంగారు పడకండి," అన్నాడు డాక్టరు, ఆమె ముఖం చూడకుండా.

ఏమీ కానివాడు చొక్కా ఎందుకు మార్చాడు? గోడ ఎందుకు కడిగించాడు?

వాళ్ళు అటు పోగానే భూలి మంచం కింది బకెట్టు మూత జరిపి చూసింది. దూది ఉండలు, వాటికి నెత్తురు. అది చూశాక ఆమెకు ఇక ఎవరూ ఏమీ చెప్పనక్కరలేకపోయింది.

చదువు లేదు గానీ నెత్తురు సంగతి భూలికి చెప్పగలిగినవాళ్ళు లేరు. తండాలో సాతీ భవానీకి మేకను కోసినప్పుడల్లా ఇరవై ఏళ్ళుగా మెడ కింద పళ్ళెం పట్టేది ఆమే. పట్టిన నెత్తురు ఉప్పేసి గడ్డకట్టనిచ్చి, ఉల్లిగడ్డ వేసి సళోయి వండేదీ ఆమే. మేక మెడలో రెండు దారులుంటాయి. ఒకదాంట్లోంచి వచ్చేది నల్లెరుపు. కుండ వంచినట్టు పారుతుంది, ఓపికగా పళ్ళెంలో చేరుతుంది. రెండోది నిగనిగలాడే ఎరుపు. గుండె తన్నినప్పుడల్లా ఎగిరి, పళ్ళెం దాటి, పట్టినవాళ్ళ రవికె మీద పడుతుంది. దూదికి అంటింది ఈ రెండోదే. అయినా దూదితో పనేముంది, పారే నెత్తురు గోడ ఎక్కదు కదా.

ఎగిరే నరంలో పొడిచాడు. అక్కడి దాకా ఆమె లెక్క తప్పలేదు. ఎందుకు పొడిచాడన్న దగ్గరే అనుమానం ఆమె చేయి పట్టుకుని ఇంకో దారిన తీసుకుపోయింది. పట్నం దవాఖానాల్లో తెలివి లేనివాళ్ళ ఒంట్లోంచి నెత్తురు తీసి సీసాలకెత్తి అమ్ముకుంటారని తండాలో ఒక వినికిడి. సన్ననరం అయితే ఎంతని వస్తుంది? అందుకే మెడ. అందుకే గడియ. ఆ పూటంతా ఆమె సత్తయ్య వచ్చినప్పుడు సత్తయ్య చేతులు, డాక్టరు వచ్చినప్పుడు డాక్టరు జేబులు చూస్తూ కూర్చుంది. వాళ్ళిద్దరూ మాటిమాటికీ వచ్చి నీలా మెడ మీద వేలు పెట్టి చూసి, ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకుని పోతున్నారు. అది ఇంకా పెద్ద అనుమానం.

మర్నాడు పొద్దున కోదాడ బస్సు దిగి నీలా తల్లి చాందీ వచ్చింది. చిలుకూరు అవతలి తండా ఆమెది. మనిషి సన్నగా ఉంటుంది, మాట ఇంకా సన్నగా, పదునుగా ఉంటుంది.

"నా బిడ్డను నాటుకు పంపినవా, కాటికి పంపినవా వదినే?"

"పంపుడేంది? ఇద్దరం పోయినం. నేను గూడ గవ్వే నీళ్ళు తాగిన."

"మరి నీకేం గాలే."

"గాలేదని ఏడుస్తున్నవా?"

చాందీ మంచం మీదికి వంగింది. కూతురి మెడ దగ్గర కట్టు వదులై ఉంటే అంచు పట్టుకుని ఎత్తింది. కింద చర్మం కమిలి, నేరేడు పండు రంగులో ఉబ్బి ఉంది. నీలా కళ్ళు తెరిచింది. గొంతు బొంగురుపోయి గాలిలా వచ్చింది మాట. "యాడీ... గొంతు పిసికిన్రు." మళ్ళీ మగతలోకి జారిపోయింది.

చాందీ తన వేళ్ళు ఆ మచ్చ మీద పెట్టి చూసుకుంది. తర్వాత చప్పున భూలి కుడిచేయి లాగి, వేళ్ళు విప్పి, మచ్చ పక్కన పెట్టి కొలిచింది. బట్టలకొట్లో జానెడు గుడ్డ కొలిచినంత నిదానంగా కొలిచింది.

భూలికి అరికాలి నుంచి పైదాకా మంట లేచింది. "డాక్టరు పిసికిండు. అద్దంలకెల్లి నేను చూసిన."

"చూసి ఊకున్నవా?"

భూలి తన చేయి వెనక్కి లాక్కుంది.

డాక్టరును పిలిచారు. అతను వరండాలో సత్తయ్య వెనక నడుస్తూ వచ్చాడు. మచ్చ ఏమిటని చాందీ అడిగితే అతను గొంతు సవరించుకున్నాడు. "ఒంట్లో నీరు బాగా తగ్గిపోయినప్పుడు అక్కడక్కడా అలా కములుతుందమ్మా. జబ్బు వల్లే." సత్తయ్య ఫ్యాను వైపు చూస్తూ నిలబడ్డాడు. ఫ్యాను తిరగడం లేదు.

"విన్నవా?" అంది చాందీ, వాళ్ళు వెళ్ళాక. "చదువుకున్నాయన, మనకు చుట్టమా పక్కమా, అబద్ధమెందుకాడుతడు? మా అన్న ధర్మాకు కబురు చేస్త. నీ ఏళ్ళ సంగతి పంచాయితీల తేలుతది."

ధర్మా చాందీ వాళ్ళ తండా పెద్ద. పంచాయితీలో కోడలి గొంతు పిసికిన అత్త అని ఒకసారి మాట పడితే, అది కడిగినా పోదు. మూడు తండాల వరకు పెళ్ళిళ్ళలో, పండుగల్లో ఆ పేరుతోనే పిలుస్తారు. భూలి నమ్మేవాళ్ళ కోసం చుట్టూ చూసింది. బిచ్చా తల వంచుకుని గోడకు ఆనుకున్నాడు. వాడు కూడా తన చేతులకేసే చూస్తున్నాడేమో అనిపించింది ఆమెకు.

"లే," అంది కొడుకుతో. "జీపు సూడు. సూర్యాపేట తీస్కపోదం. ఆడ ఇంకో డాక్టరుకు మెడ చూపిస్తె ఎవరు పిసికిన్రో ఆయనే చెప్తడు. ఈమె గూడ వచ్చి విననీ."

బిచ్చా వెళ్ళాడు. ఆ మాట చెవినపడి సత్తయ్య వరండాలోంచి ఉరికి వచ్చాడు.

"పిచ్చా భూలమ్మా? గా మట్టి రోడ్ల మీద జీపుల ఎగిరేస్తె మెడల గడ్డకట్టిన నెత్తురు మళ్ళ ఉరుకుతది. పిల్ల దారిలనే..." అని నాలుక కరుచుకున్నాడు.

"మళ్ళ అన్నవ్," అంది భూలి నెమ్మదిగా. "అంటె ఒకసారి ఉరికింది."

సత్తయ్య ఏదో అనబోయేలోపే కొత్త చిక్కు వచ్చింది. సీసాలో చుక్క ఆగిపోయింది. నీలా పాదం రొట్టెలా పొంగి ఉంది. సూది నరం దాటి నీళ్ళన్నీ చర్మం కిందికి పోతున్నాయి. సత్తయ్య సూది లాగేసి, రెండో పాదం మీద గుచ్చాడు. దొరకలేదు. ఇంకోచోట గుచ్చాడు. దొరకలేదు. నోటితో పోసిన చెంచాడు ఉప్పు చక్కెర నీళ్ళు పోసినట్టే బయటికొస్తున్నాయి. నీలా పెదవులు మళ్ళీ బూడిద రంగుకు తిరిగాయి.

డాక్టరు ట్రే పట్టుకుని వచ్చాడు. కుడిపక్క కట్టును చూశాడు, తర్వాత నీలా ముఖాన్ని మెల్లగా అటు తిప్పి ఎడమపక్క మెడ మీద వేలితో వెతికాడు. భూలి మంచానికీ అతనికీ మధ్య నిలబడింది.

"ఆగు సారూ. గీ పక్కది గూడ ఎగిరే నరంలనే పొడుస్తవా?"

డాక్టరు ట్రేను మంచం చివర పెట్టాడు. "ఎవరు చెప్పారు నీకు?"

"గోడ చెప్పింది. బకెట్ల దూది చెప్పింది. నీ గీతల అంగి యాడ పెట్టినవో అది గూడ చెప్తది. పారే నెత్తురు గోడకెక్కదు సారూ. నేను ఇరవై ఏండ్ల సంది మేకల కాడ పళ్ళెం పడుతున్న."

డాక్టరు సత్తయ్య వైపు చూశాడు, తర్వాత స్టూలు మీద కూర్చున్నాడు. కూర్చున్నాక వయసు ఇంకా చిన్నదిగా కనిపించింది.

"నిజమే," అన్నాడు. "మెడలో అవి రెండూ ఆనుకునే ఉంటాయమ్మా. నీరు లేక నరం తడిగుడ్డలా అణిగిపోయింది. దానికోసం గుచ్చితే సూది పక్కనున్న ధమనిలో, నువ్వన్న ఎగిరే నరంలో పడింది. నెత్తురు ఎగరగానే తెలిసింది. గొట్టం ఎక్కించకుండా సూది తీసేసి, ఇరవై నిమిషాలు నొక్కి పట్టుకున్నాను. అలా పట్టుకోకపోతే నెత్తురు లోపలే ఊరి, గొంతుకు అడ్డం పడి ఊపిరి ఆగేది. అప్పటినుంచీ చూస్తూనే ఉన్నాం, వాపు పెరగలేదు."

"అయితె మచ్చ నీదే," అంది చాందీ.

"నాదే."

"పొద్దున జబ్బుదన్నవు."

"ట్రాక్టరు నిండా మనుషులొస్తారని భయపడ్డాను."

"చెప్పకుంటె రారా?"

భూలికి ఇంకా ఒక ముడి మిగిలింది. "నెత్తురు అమ్ముకోనీకె కాదా?"

"అమ్ముకునేవాణ్ణయితే గోడకు కొడతానా అమ్మా? సీసాకు పట్టనూ?"

అది ఆమెకు సబబుగానే తోచింది. కానీ అనుమానం అలవాటు పడ్డ గొడ్డులాంటిది, కట్టేసిన చోట ఉండదు. "మరి అందరికి చేతికి పెడతరు. నా కోడలికే మెడల ఎందుకు పొడిచినవ్?"

ఈసారి జవాబు సత్తయ్య దగ్గర్నుంచి వచ్చింది. నిన్నటినుంచి మింగినదంతా ఒక్కసారి కక్కాడు.

"ఎందుకా? చేతులకు తాళం, కాళ్ళకు తాళం ఏసి తెస్తివి. రబ్బరు కట్టనీకె జాగియ్యమని నేనడిగిన. నువ్వే అడ్డం పడ్డవు. అన్నీ మూసినంక ఇగ మెడ గాక ఏం మిగిలింది? ఎన్కకెళ్ళి కాలేళ్ళ కాడ దొరికింది దారమంత నరం, అది గూడ ఆగకపాయె. సారు చెయ్యి తప్పింది, కాదంటలే. గని సారును మెడ దాక నడిపించింది నువ్వు."

భూలికి నిన్నటి తన చేయి కనిపించింది, కోడలి చేతికి అడ్డంగా. పొద్దున చాందీ కొలిచిన చేయి కూడా అదే. పిసికిన వేళ్ళు తనవి కావు గానీ, కొలత మరీ అంత తప్పు కాదేమో.

"చేయి ఇస్తే దొరుకుతదా?" అని అడిగింది.

"ప్రయత్నించవచ్చు. ఇప్పుడు మెడ కంటే అదే మేలు," అన్నాడు డాక్టరు.

భూలి మంచం అంచున కూర్చుని నీలా కుడిచేయి ఒళ్ళోకి తీసుకుంది. సబ్బు తెమ్మంటావా అని సత్తయ్య అడిగాడు. అక్కర్లేకపోయింది. పెళ్ళినాడు ఇద్దరు ఆడవాళ్ళు నూనె రాసి నెట్టి ఎక్కించిన బలియలు, రెండు రోజుల్లో చిక్కిపోయిన ఆ చేతిమీంచి వాటంతటవే జారాయి. మణికట్టువి జారాయి. మోచేతి పైవాటి దగ్గరికొచ్చేసరికి భూలి వేళ్ళు ఆగాయి. కింద ఉన్నవి అలంకారం. పైవి బిచ్చా ప్రాణానికి తొడిగినవి.

చాందీ ముందుకు వంగింది. "వదినే. బిచ్చా ఉన్నడు గద."

"ఉంటడు," అంది భూలి. "ఉండాలె." ఒక్కొక్కటే లాగింది. లోపల సాతీ భవానీలు ఏడుగురినీ పేరుపేరునా పిలిచి, ఇది తీసింది నేను, లెక్క నాతో చూసుకోండి, పిల్లలతో కాదు అని చెప్పుకుంది. తీసినవాటిని చాందీ తన ఒళ్ళో వరసగా పేర్చింది.

కింద చర్మం ఎండ ఎరుగక ముల్లంగిలా తెల్లగా ఉంది. సత్తయ్య భుజం కింద రబ్బరు బిగించి కట్టాడు. రెండు వేళ్ళతో తట్టాడు. ఆగాడు. మళ్ళీ తట్టాడు. మోచేతి మడతలో సన్నని నీలపు గీత ఒకటి, వాన పడ్డాక పైకొచ్చే ఎర్రలా, మెల్లగా లేచింది.

సూది పడింది. గొట్టంలోకి కొంచెం నెత్తురు వెనక్కి వచ్చింది. భూలి ముఖం దగ్గరగా పెట్టి చూసింది. నల్లెరుపు. ఎగరలేదు, ఊరుకుంది. అప్పుడు గానీ ఆమె ఊపిరి వదల్లేదు. సీసాలో చుక్కలు కలిసి ధార అయ్యాయి.

ఒక సీసా అయిపోయి రెండోది సగానికి వచ్చేసరికి నీలా కళ్ళు విప్పింది. బోసిగా ఉన్న తన చేతిని చూసుకుంది, అత్తను చూసింది. "చల్లగున్నది," అంది బొంగురు గొంతుతో.

చాందీ కూతురి నుదురు తుడిచింది. తర్వాత ఒళ్ళో బలియలు సర్దుకుంటూ, ఎటో చూస్తూ అంది, "నీ ఏలు పెద్దది వదినే. పొద్దుగాల కొలిచినప్పుడే సూసిన, మచ్చకు సరిపోలే."

"సూసి ఊకున్నవా?" అంది భూలి.



అప్పుడే బిచ్చా వచ్చాడు. జీపు దొరికింది, బయట నిలబడ్డది అంటూ గుమ్మంలో ఆగిపోయాడు. పెళ్ళాం చేతిని చూశాడు, చాందీ ఒళ్ళో బలియలు చూశాడు. ఏమనాలో తెలియక దగ్గాడు.

భూలి చప్పున లేచింది. దగ్గరికి పోయి కొడుకు ముఖాన్ని కిందినుంచి పైకి, పైనుంచి కిందికి చూసింది.

"ఏంది యాడీ, గట్ల సూస్తున్నవ్?"

"దగ్గుతున్నవేంది?"

"తవుడు. మిల్లుల ఎవడు దగ్గడు?"

"ఎప్పటిసంది?"

"నాలుగేండ్ల సంది."

ఆమె నమ్మినట్టు లేదు. వాడి రొమ్ము మీద అరచేయి ఆనించి, లోపల గుండె తన్నుకోవడం ఒకటి, రెండు, మూడు దాకా విన్నది. తర్వాత మూలనున్న బిందెలోంచి గ్లాసుతో నీళ్ళు ముంచబోయి, ఆగి, సత్తయ్య వైపు తిరిగింది.

"ఇవి కాగబెట్టినయేనా అన్నా?"

"కాగబెట్టినయే."

"నువ్వు సూసినవా, కాగినప్పుడు?"